మైకా కాంట్రాక్ట్ తప్ప ఇంకేం లేదా? డాలస్ కౌబాయ్స్‌లో ఎవరూ పట్టించుకోని కుర్రాళ్ల గురించి కూడా మాట్లాడుకుందాం (అమెరికన్ ఫుట్‌బాల్, 2025 జూలై)

ఫ్రిస్కో_శ్రీను
ఏ థ్రెడ్ తెరిచినా రెండే మాటలు. మన డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్‌కి ఓనర్ జెర్రీ జోన్స్ డబ్బులిస్తాడా లేదా, పాస్‌లు విసిరే మన క్వార్టర్‌బ్యాక్ డ్యాక్ ప్రెస్కాట్ తొడ కండరం పూర్తిగా మానిందా లేదా. ఇంకో సంగతే లేదు. పోయిన సీజన్‌లో 7 గెలిచి 10 ఓడాం. కోచ్ మెకార్తీ వెళ్లిపోయాడు. జాక్ మార్టిన్ రిటైరయ్యాడు. డిమార్కస్ లారెన్స్ సియాటిల్ వెళ్లి కూర్చున్నాడు. నీరసపడటానికి కారణాలున్నాయి, కాదనను.

కానీ పోయిన ఏడాది మన టీమ్ నిలబడ్డ ఆటలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆ రోజుల్లో ఆడిందెవరు? మొదటి రౌండ్ హీరోలు సగం మంది ఆసుపత్రి లిస్టులో ఉన్నారు. ఆడినవాళ్లలో చాలామందిని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. తీసుకున్నా ఐదో రౌండ్‌లోనో ఆరో రౌండ్‌లోనో తీసుకున్నారు.

ఆక్స్‌నార్డ్‌లో క్యాంప్ మొదలవుతోంది. 90 మంది వెళ్తారు, ఆగస్టు 26కి టీమ్‌లో 53 మంది మిగులుతారు. రయాన్ ఫ్లర్నోయ్, బ్రెవిన్ స్పాన్-ఫోర్డ్, టీజే బాస్, బ్రాక్ హాఫ్‌మన్, హంటర్ లిప్కీ, జువాన్యే థామస్, మార్కీస్ బెల్. వీళ్లలో ఎంతమంది పేర్లు మీకు తెలుసు? నాకు ఈ ఏడాది మీద ఉన్న నమ్మకమంతా వీళ్ల మీదే. ఒక్కొక్కరూ ఒక పేరు చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి.

ఇర్వింగ్_రాజేష్
ప్రతి జూలైలోనూ ఇదే పాట. జూలైలో అందరు కుర్రాళ్లూ బంగారమే. జనవరికి వచ్చేసరికి మనం ఇంట్లో, మిగతావాళ్లు ప్లేఆఫ్స్‌లో. 1995 సీజన్ తర్వాత సూపర్ బౌల్ ఫైనల్ కాదు కదా, దానికి ముందాడే కాన్ఫరెన్స్ ఫైనల్ కూడా చూడలేదు. ముందు మైకాకి డబ్బులివ్వనీయండి.

గార్లండ్_గోపి
ఫ్లర్నోయ్. రాసిపెట్టుకోండి.

తార్నాక_నైట్‌షిఫ్ట్
హైదరాబాద్ నుంచి చూసేవాణ్ని, ఈ ఆట మొదలుపెట్టి ఎక్కువ కాలం కాలేదు. "డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు" అంటే ఆ కుర్రాడు టీమ్‌లోకి ఎలా వచ్చినట్టు? వేలం లాంటిదా?

ఫ్రిస్కో_శ్రీను
తార్నాక గారూ, వేలం కాదు. డ్రాఫ్ట్‌లో 32 టీములు వంతులవారీగా పేర్లు చెబుతాయి. ముందటి ఏడాది ఎక్కువ ఓడినవాళ్లకి మొదటి వంతు. ఏడు రౌండ్లు, మొత్తం 250కి పైగా పేర్లు. గురువారం మొదటి రౌండ్, శుక్రవారం రెండూ మూడూ, శనివారం మిగతా నాలుగు. అన్నీ అయిపోయాక కూడా పేరు రాని కుర్రాళ్లు వందల మంది. వాళ్లకి ఆ సాయంత్రమే ఫోన్లు మొదలవుతాయి. "మా క్యాంప్‌కి వస్తావా" అని. చేతిలో పెట్టేది చిన్న బోనస్, హామీలు దాదాపు ఉండవు. కాకపోతే ఏ టీమ్‌కి వెళ్లాలో వాళ్లే ఎంచుకోవచ్చు. ఏడో రౌండ్‌లో పేరు వచ్చినవాడికి ఆ వీలు లేదు.

పాతకాపు_1995
రాజేష్, కాన్ఫరెన్స్ ఫైనల్ సంగతి నిజమే, నా గుండెకూ అది పుండే. కానీ ఈ టీమ్ పునాది ఎలా పడిందో తెలిస్తే శ్రీను మాట కొట్టిపారేయవు.

క్లిఫ్ హారిస్‌ని 1970 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. ఆర్కన్సాలో ఓ చిన్న కాలేజీ, వాషిటా బాప్టిస్ట్, అక్కడి కుర్రాడు. ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. డ్రూ పియర్సన్ 1973లో అలాగే వచ్చాడు. 1975 డిసెంబర్‌లో మిన్నెసోటాలో మన క్వార్టర్‌బ్యాక్ స్టాబాక్ చివరి క్షణాల్లో దూరంగా విసిరిన ఆ 'హెయిల్ మేరీ' బంతిని పట్టింది అతనే. ఆ పాస్ విసిరిన స్టాబాక్ కూడా 1964లో పదో రౌండ్ ఎంపిక. నేవీలో ఉద్యోగం పూర్తి చేసి వచ్చేదాకా ఆగాలని మిగతావాళ్లు వదిలేశారు. ఎవర్సన్ వాల్స్ 1981లో డ్రాఫ్ట్ లేకుండా వచ్చి మొదటి ఏడాదే 11 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్లు విసిరిన పాస్‌లు) పట్టాడు. ఆ ఏడాది లీగ్ మొత్తంలో అంతకన్నా ఎక్కువ ఎవరికీ లేవు.

తర్వాత టోనీ రోమో. ఈస్టర్న్ ఇల్లినాయిస్ నుంచి 2003లో డ్రాఫ్ట్ కాకుండానే వచ్చాడు. మూడేళ్లు బెంచ్ మీద కూర్చుని 2006లో స్టార్టర్ అయ్యాడు. 2016లో అతని వెన్ను దెబ్బతింటే దిగింది డ్యాక్, నాలుగో రౌండ్, 135వ పేరు. ఆ ఏడాది 13 గెలిచి 3 ఓడాం. ఇవాళ ఏడాదికి 6 కోట్ల డాలర్లు తీసుకుంటున్న మనిషి శనివారం పిల్లాడే.

ఈగల్స్_కిరణ్
ఫిలడెల్ఫియా నుంచి ఒక మాట. ఫిబ్రవరిలో కాన్సాస్ సిటీని 40-22తో కొట్టి కప్పు ఎత్తుకున్నవాళ్లం కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటా 😄

బెన్ డినూచీ గుర్తున్నాడా? 2020 ఏడో రౌండ్ క్వార్టర్‌బ్యాక్. మా గ్రౌండ్‌లో ఆదివారం రాత్రి స్టార్ట్ చేశాడు. 23-9. నిలబడ్డవాళ్ల పేర్లే చెబితే ఎలా? ఒక డ్యాక్ వెనక ఎంతమంది డినూచీలున్నారో కూడా లెక్కపెట్టాలి కదా.

ఇర్వింగ్_రాజేష్
కిరణ్ మాటకి నా ఓటు. ఈగల్స్ వాడి మాట ఒప్పుకోవడం ప్రాణాంతకంగా ఉంది కానీ నిజం.

ఫ్రిస్కో_శ్రీను
కిరణ్, న్యాయమైన ప్రశ్నే. మరి మొదటి రౌండ్‌కి కూడా అదే లెక్క వెయ్యి. 2017లో మేం 28వ పేరుగా టాకో చార్ల్‌టన్‌ని తీసుకున్నాం. రెండు పేర్ల తర్వాత పిట్స్‌బర్గ్ టీజే వాట్‌ని తీసుకుంది. 2023లో 26వ పేరు మాజీ స్మిత్, ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నాం. అదే గదిలో, అదే స్కౌట్లు, 2022 ఐదో రౌండ్‌లో 167వ పేరుగా డరాన్ బ్లాండ్‌ని పట్టుకున్నారు. 2023లో ఏం చేశాడో మీకు తెలుసు. 9 ఇంటర్‌సెప్షన్లు, వాటిలో 5 నేరుగా టచ్‌డౌన్లు (బంతితో అవతలి చివర గీత దాటడం). ఒక్క సీజన్‌లో అన్ని ఎవరూ కొట్టలేదు, లీగ్ రికార్డు.

అది కూడా ఎలా వచ్చిందో చూడండి. ట్రెవాన్ డిగ్స్‌కి ప్రాక్టీస్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. అది జరక్కపోతే బ్లాండ్, పాస్ పట్టే రిసీవర్లని అంచున కాచే బయటి కార్నర్‌గా ఆడేవాడే కాదు. అయిదో టచ్‌డౌన్ థాంక్స్‌గివింగ్ రోజు వాషింగ్టన్ మీద. మా ఇంట్లో టర్కీ కోసేవాళ్లు లేరు, బిర్యానీ దమ్ మీద ఉంది. దమ్ తియ్యడం అందరం మర్చిపోయాం.

ప్లేనో_పద్మజ
బిర్యానీ అడుగంటిందా లేదా చెప్పలేదు మీరు.

ఫ్రిస్కో_శ్రీను
అడుగంటింది. బ్లాండ్ కోసం తినేశాం.

ప్లేనో_పద్మజ
నా ఓటు మన కిక్కర్ బ్రాండన్ ఆబ్రీకి. కుర్రాడు అనడానికి వయసు కాస్త ఎక్కువే కానీ ఇతన్ని కాదని ఈ థ్రెడ్ పూర్తికాదు. పైగా మా ప్లేనో పిల్లాడు.

మావాడు తొమ్మిదో క్లాసు. చిన్నప్పటి నుంచి సాకర్. పోయిన ఏడాది స్కూల్ టీమ్ ట్రైఅవుట్స్‌లో పేరు రాలేదు, గది తలుపు వేసుకుని కూర్చున్నాడు. అన్నం కూడా సరిగా తినలేదు. మావారు పక్కన కూర్చోబెట్టుకుని ఆబ్రీ కథ చెప్పారు. నోటర్ డామ్‌లో సాకర్ ఆడాడు. 2017లో టొరంటో సాకర్ టీమ్ డ్రాఫ్ట్‌లో తీసుకుంది. అక్కడ నిలబడలేదు. ఇంటికొచ్చి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఒకరోజు టీవీలో ఫుట్‌బాల్ చూస్తుంటే కిక్కర్‌ని చూసి భార్య, అది నువ్వు కూడా చెయ్యగలవు కదా అంది. అక్కణ్నించి మొదలుపెట్టాడు. ఉద్యోగం చేస్తూనే కిక్కింగ్ కోచ్ దగ్గర నేర్చుకున్నాడు. యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే చిన్న లీగ్‌లో బర్మింగ్‌హామ్ స్టాలియన్స్‌కి ఆడాడు, రెండేళ్లూ ఆ లీగ్ కప్పు వాళ్లదే. 2023 జూలైలో మనవాళ్లు పిలిచారు.

మొదటి ఆటలో మొదటి ఎక్స్‌ట్రా పాయింట్ (టచ్‌డౌన్ తర్వాత కొట్టే ఒక పాయింట్ కిక్) తప్పిపోయింది. ఆ తర్వాత వరసగా 35 ఫీల్డ్ గోల్స్ (మూడు పాయింట్ల కిక్‌లు), ఒక్కటి తప్పకుండా. కెరీర్ మొదట్లో అలా ఇంకెవరూ కొట్టలేదు. కథ అయ్యాక మావాడు అడిగింది ఒక్కటే: "అంటే నేను కూడా సాఫ్ట్‌వేర్ చదవాలా?"

గార్లండ్_గోపి
😂😂 మన పిల్లలకి ఏ దారిలో వెళ్లినా చివరికి సాఫ్ట్‌వేరే.

హ్యూస్టన్_హరిత
పద్మజక్కా, బాబుకి స్కూల్ ఫుట్‌బాల్ కోచ్‌ని అడగమని చెప్పండి. టెక్సస్ హైస్కూళ్లలో కిక్కర్లు చాలామంది సాకర్ నుంచే వస్తారు, కోచ్‌లు వెతుక్కుంటూ ఉంటారు. మా ఇంటి పక్కబ్బాయి అలాగే జేవీ (జూనియర్) టీమ్‌లో చేరాడు. దెబ్బలు తగిలే అవకాశం కూడా తక్కువ, అమ్మలకి టెన్షన్ తక్కువ.

ప్లేనో_పద్మజ
థాంక్స్ హరితా. స్కూల్ తెరవగానే అడిగిస్తాను.

తార్నాక_నైట్‌షిఫ్ట్
ఆబ్రీ 65 గజాల ఫీల్డ్ గోల్ నేను లైవ్‌లో చూశాను. బాల్టిమోర్ మీద, పోయిన సెప్టెంబర్. అదే గ్రౌండ్‌లో అవతలి వైపు జస్టిన్ టకర్ నిలబడి ఉన్నాడు, అప్పటి 66 గజాల రికార్డు అతనిది. ఆబ్రీ బంతికి ఇంకా దూరం మిగిలి ఉన్నట్టే అనిపించింది.

పాతకాపు_1995
దానికి ముందు క్లీవ్‌లాండ్‌లో మొదటి వారమే 66 గజాలది కొట్టాడు తమ్ముడూ. సమయం దాటిందని పెనాల్టీ పడింది, లెక్కలోకి రాలేదు. లేకపోతే టకర్‌తో సమానం.

లైన్‌మ్యాన్_లక్ష్మణ్
కిక్కర్లు, కార్నర్లు, రిసీవర్లు. ఎప్పుడూ బంతి ముట్టుకునేవాళ్లేనా? క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి అడ్డుకునే లైన్ గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే నేనున్నాను.

టెరెన్స్ స్టీల్. 2020లో టెక్సస్ టెక్ నుంచి డ్రాఫ్ట్ కాకుండా వచ్చాడు. ఆ ఏడాది లైన్‌లో పెద్దవాళ్లంతా గాయాలతో పోతే 14 ఆటలు స్టార్ట్ చేశాడు. మొదట్లో ప్రతి వారం అతని మీదే తిట్లు, ఈ ఫోరమ్‌లో కూడా. మూడేళ్ల తర్వాత 8 కోట్ల 68 లక్షల డాలర్ల కాంట్రాక్ట్ అందుకున్నాడు. మోకాలి ఆపరేషన్ తర్వాత మునుపటంత బాగా ఆడటం లేదు, అది వేరే చర్చ.

ఇప్పుడు చూడాల్సినవాళ్లు ఇద్దరు. బ్రాక్ హాఫ్‌మన్, టీజే బాస్. ఇద్దర్నీ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. జాక్ మార్టిన్ చీలమండ ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు పోయిన సీజన్ చివర్లో అతని కుడి గార్డ్ చోట నిలబడింది హాఫ్‌మనే. గార్డ్ పక్కన, లైన్ మధ్యలో ఉండే సెంటర్ కూడా ఆడగలడు. అలా రెండు చోట్ల పనికొచ్చేవాడికి 53లో చోటు గట్టిది.

ప్రీసీజన్ చూసేటప్పుడు ఒక పని చెయ్యండి. బంతి కదలగానే క్వార్టర్‌బ్యాక్‌ని చూడటం మానేసి గార్డ్ కాళ్లు చూడండి. మంచివాడైతే మొదటి అడుగు చిన్నగా పడుతుంది, నడుం కిందికి ఉంటుంది, చేతులు అవతలివాడి ఛాతీ లోపలివైపు పడతాయి. ఒకణ్ని సెంటర్‌తో కలిసి నెట్టి, సమయం చూసి వదిలేసి, వెనకున్న లైన్‌బ్యాకర్ మీదికి వెళ్లాలి. అర సెకను తొందరపడితే మొదటివాడు తప్పించుకుంటాడు, అర సెకను ఆలస్యమైతే లైన్‌బ్యాకర్ వచ్చి పరుగుని ఆపేస్తాడు. బాస్ ఆ వదిలే సమయం చాలా బాగా పడతాడు.

గార్లండ్_గోపి
లక్ష్మణన్నా, మీరు పోస్ట్ పెడితే నాకు ఆ రాత్రి కలలో గార్డులే వస్తారు.

ఈగల్స్_కిరణ్
లక్ష్మణ్ గారి పోస్ట్‌కి దండం. మా జోర్డన్ మైలాటా 2018 ఏడో రౌండ్, 233వ పేరు. ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడేవాడు, అప్పటికి ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ ఆట కూడా ఆడలేదు. ఇప్పుడు లీగ్‌లో మంచి లెఫ్ట్ టాకిళ్లలో (లైన్ ఎడమ చివర ఉండేవాళ్లు) ఒకడు. జేసన్ కెల్సీ ఆరో రౌండ్.

కానీ తేడా అక్కడే ఉంది. మాకు జెఫ్ స్టౌట్‌లాండ్ అనే లైన్ కోచ్ ఉన్నాడు, 2013 నుంచి అదే కుర్చీలో. కుర్రాణ్ని తెచ్చి పెట్టడం సగం పనే. ఏళ్ల తరబడి దగ్గరుండి నేర్పేవాడు ఉండాలి. మీకు ప్రతి రెండు మూడేళ్లకీ కోచ్‌లు మారుతుంటే ఈ కుర్రాళ్లు ఎవరి దగ్గర నేర్చుకుంటారు? కిక్‌లు, రిటర్న్‌లు ఆడే స్పెషల్ టీమ్స్ చూసే కోచ్ ఫాసిల్ కూడా టెన్నెసీ వెళ్లిపోయాడు కదా.

ఇర్వింగ్_రాజేష్
ఇదీ అసలు ప్రశ్న. కిక్‌లు పట్టి పరిగెత్తే టర్పిన్‌ని, థామస్‌ని, బెల్‌ని తయారుచేసింది ఫాసిల్. అతనే లేడు. మరి మీ నమ్మకం దేని మీద?

ఫ్రిస్కో_శ్రీను
ఫాసిల్ వెళ్లడం దెబ్బే, ఒప్పుకుంటా. కానీ అతను నేర్పింది ఆటగాళ్లతోనే ఉంది. వాషింగ్టన్ ఆట గుర్తుందా? పోయిన నవంబర్ 24.

పాతకాపు_1995
ఆ ఆట సంగతి నన్ను చెప్పనీ శ్రీనూ.

డ్యాక్ లేడు. క్వార్టర్‌బ్యాక్ కూపర్ రష్, 2017లో డ్రాఫ్ట్ కానివాడు. పరుగులు తీసేది రికో డౌడుల్, 2020లో డ్రాఫ్ట్ కానివాడు. వరసగా అయిదు ఆటలు ఓడి వచ్చాం, వాషింగ్టన్‌లో అందరూ వాళ్ల కొత్త క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్ జపం. చివరి మూడు నిమిషాల్లో 20-17 ముందున్నాం, వాళ్లు అప్పుడే టచ్‌డౌన్ కొట్టి మీదికొస్తున్నారు.

కిక్‌ఆఫ్. బంతి టర్పిన్ చేతిలో నిలవలేదు. గోల్ లైన్ పక్కనే జారి కింద పడింది. నేను సోఫాలోంచి లేచాను. అతను వంగి తీసుకుని ఒక్క చుట్టు తిరిగాడు, వచ్చినవాడు గాలిని పట్టుకున్నాడు, మధ్యలో సందు దొరికింది, ఇక ఎవరికీ అందలేదు. 99 గజాలు. 27-17.

అయినా ఆట అవ్వలేదు. వాళ్లు ఫీల్డ్ గోల్ కొట్టారు. మళ్లీ బంతి సంపాదించి, ఇంకా 21 సెకన్లు ఉండగా వాళ్ల రిసీవర్ మెక్లారిన్ 86 గజాల టచ్‌డౌన్. 27-26. ఒక్క ఎక్స్‌ట్రా పాయింట్ పడితే సమం. వాళ్ల కిక్కర్ తప్పాడు. బంతి మళ్లీ తమకే దక్కాలని ఆన్‌సైడ్ కిక్ కొట్టారు. అది నేరుగా జువాన్యే థామస్ చేతుల్లో పడింది. పట్టుకుని పడుకుంటే చాలు, ఆట మనదే. వాడు పడుకోలేదు, 43 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు. 34-26.

టర్పిన్, థామస్, రష్, డౌడుల్. ఒక్కణ్నీ డ్రాఫ్ట్‌లో ఏ టీమూ తీసుకోలేదు.

తార్నాక_నైట్‌షిఫ్ట్
ఆ ఆట ఇక్కడ అర్ధరాత్రి దాటాక అయ్యింది. నేను అరిచిన అరుపుకి కింది ఫ్లాట్ అంకుల్ దొంగలు పడ్డారేమో అని పైకొచ్చారు. ఆయనకి కూర్చోబెట్టి రీప్లే చూపించాను. ఇప్పుడు ఆయనకి టర్పిన్ పేరు తెలుసు.

హ్యూస్టన్_హరిత
థామస్ పడుకోకపోవడం తప్పు కదా అసలు? పరిగెత్తేటప్పుడు బంతి జారితే?

పాతకాపు_1995
పుస్తకం ప్రకారం తప్పే అమ్మా. నాకూ గుండె ఆగింది. కానీ డ్రాఫ్ట్ కాకుండా వచ్చి స్పెషల్ టీమ్స్ మీద బతుకుతున్న కుర్రాడికి ఎదురుగా ఖాళీ మైదానం కనిపిస్తే ఆగమని ఎవరు చెప్పగలరు?

ఇర్వింగ్_రాజేష్
సరే, మంచి ఆట. ఆ నలుగురిలో ఇప్పుడు మన దగ్గర ఎంతమంది ఉన్నారు? రష్ బాల్టిమోర్ వెళ్లాడు. డౌడుల్ 1,079 గజాలు పరిగెత్తాడు, మార్చిలో కెరొలైనా వెళ్లాడు. 2021 మొత్తం తుంటి గాయం, 2022లో మళ్లీ చీలమండ. అన్నేళ్లు ఓపిగ్గా పెంచాం, పంట వేరేవాళ్లు కోసుకున్నారు. నాకు కోపం కుర్రాళ్ల మీద కాదు. పెంచి వదిలేసే పద్ధతి మీద.

ఫ్రిస్కో_శ్రీను
డౌడుల్ విషయంలో నీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తా. నాకూ మండింది. అతని సొంత రాష్ట్రం నార్త్ కెరొలైనా, వెళ్లినందుకు అతన్ని ఏమీ అనలేం. మన ఆఫీసుని అనాలి. కానీ టర్పిన్‌ని ఉంచుకున్నారు కదా, మార్చిలో మూడేళ్లకి. పైగా కిక్‌ఆఫ్ రూల్ ఈ ఏడాది ఇంకా మారింది. ఎండ్‌జోన్‌లో పడ్డ బంతిని వదిలేస్తే ఇప్పుడు 30 గజాల గీత దగ్గర కాదు, 35 దగ్గర పెడతారు. అంటే అవతలివాళ్లు బంతిని ఎండ్‌జోన్‌లోకి కొట్టడానికి వెనకాడతారు. టర్పిన్ చేతికి బంతి ఎక్కువసార్లు వస్తుంది. పోయిన ఏడాదే ఆల్-ప్రో (లీగ్ మేటి ఆటగాళ్ల జట్టు)లో చోటు దక్కింది.

ప్లేనో_పద్మజ
టర్పిన్ ఎంత చిన్నగా ఉంటాడో! పక్కన నిలబడ్డ లైన్‌మెన్‌కి భుజం దాకా కూడా రాడు. 2022లో యూఎస్‌ఎఫ్‌ఎల్‌లో ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) అయ్యి ఇక్కడికి వచ్చాడు. ఛార్జర్స్ మీద ప్రీసీజన్ ఆటలో ఒక కిక్‌ఆఫ్, ఒక పంట్ పట్టి పరిగెత్తాడు, రెండూ టచ్‌డౌన్లు. ఆ ఒక్క రాత్రితోనే టీమ్‌లో చోటు ఖాయమైంది. ప్రీసీజన్ టైమ్ వేస్ట్ అనేవాళ్లకి నేను ఇదే చెబుతాను.

బెంచ్‌మీద_భాస్కర్
చాలాకాలంగా చదువుతున్నా, మొదటిసారి రాస్తున్నా. ప్రాక్టీస్ స్క్వాడ్ గురించి చదివినప్పుడల్లా నాకు కన్సల్టింగ్ రోజులే గుర్తొస్తాయి. 53లో చోటు దొరకనివాళ్లలో 16 మందిని ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెడతారు. వారమంతా ప్రాక్టీస్ చెయ్యాలి, ఎదుటి టీమ్ ఆటగాళ్లలా నటించి మనవాళ్లకి అలవాటు చెయ్యాలి, ఆదివారం మాత్రం ఆడనివ్వరు. సీజన్‌లో ఒక్కొక్కణ్ని మూడుసార్లు దాకా పైకి పిలవచ్చు. ఎవరో ఒకరికి గాయమైతేనే దారి తెరుచుకుంటుంది. అచ్చం ప్రాజెక్ట్ కోసం ఎదురుచూసే మా బెంచ్.

తేడా ఏంటంటే వాళ్లకి ఈ ఏడాది వారానికి కనీసం 13,000 డాలర్లు. మాకు గెస్ట్ హౌస్‌లో పప్పు, ఆవకాయ. నాకు మొదటి ప్రాజెక్ట్ వచ్చింది కూడా ఒకాయన మధ్యలో మానేస్తేనే. రాత్రికి రాత్రి ఫోన్ చేసి "సోమవారం వెళ్లగలవా" అన్నారు. ఆ ప్రాజెక్ట్‌లో ఇప్పటికీ ఉన్నాను. అందుకే 53 లిస్ట్ వచ్చిన రోజు నేను పైన పేర్లు చూడను, మర్నాడు ప్రాక్టీస్ స్క్వాడ్ పేర్లు చూస్తాను.

గార్లండ్_గోపి
గెస్ట్ హౌస్ పప్పు 😭 మా గెస్ట్ హౌస్‌లో ఆవకాయ కూడా ఉండేది కాదు భాస్కరన్నా. మీరు మొదటి రౌండ్.

లైన్‌మ్యాన్_లక్ష్మణ్
భాస్కర్ గారూ, ఇంకా రాయండి. 53లో ఉన్నవాడికి, ఎంత కొత్తవాడైనా, ఈ ఏడాది కనీసం 8,40,000 డాలర్లు. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో సీజన్ అంతా ఉన్నా కనీస జీతంతో రెండున్నర లక్షలు కూడా రావు. ఆగస్టు చివరి వారంలో ఒక్క బ్లాక్ తప్పితే పోయేది అంత.

హ్యూస్టన్_హరిత
గోపీ, మొదట్లో ఫ్లర్నోయ్ అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఎందుకో చెప్పు.

గార్లండ్_గోపి
చెబుతా. 2024 ఆరో రౌండ్, 216వ పేరు. సౌత్‌ఈస్ట్ మిస్సోరి స్టేట్ అనే చిన్న కాలేజీ. పోయిన ఏడాది బంతులు తక్కువే వచ్చాయి కానీ వచ్చినవి పట్టాడు. ఒళ్లు గట్టిది, వేగముంది. పరుగుల ఆటలో బ్లాక్ చెయ్యడానికి సిగ్గుపడడు, రిసీవర్లలో అది అరుదు. ఇప్పుడు మన మేటి రిసీవర్ ల్యాంబ్‌కి తోడు జార్జ్ పికెన్స్ వచ్చాడు కాబట్టి ఎదుటివాళ్ల మంచి కార్నర్లు ఆ ఇద్దరి మీదే ఉంటారు. నాలుగో రిసీవర్ మీద ఉండేది వాళ్ల నాలుగో కార్నరే. అక్కడ ఫ్లర్నోయ్ గెలుస్తాడు.

ఇంకోటి, జేలెన్ టోల్బర్ట్‌ని చూడండి. 2022 మూడో రౌండ్. మొదటి ఏడాది మొత్తం కలిపి 2 పాస్‌లు పట్టాడు. దండగ అన్నారు. పోయిన ఏడాది 49 పాస్‌లు, 7 టచ్‌డౌన్లు. పిట్స్‌బర్గ్‌లో నాలుగో డౌన్ (చివరి ప్రయత్నం) మీద, 20 సెకన్లు ఉండగా, గెలిపించిన టచ్‌డౌన్ అతనిదే. మూడో ఏడాదికి అలా తయారయ్యాడు. ఫ్లర్నోయ్‌కి ఇది రెండో ఏడాదే.

ఈగల్స్_కిరణ్
గోపి వాదన బాగుంది. పికెన్స్ వల్ల మిగతావాళ్లకి ఖాళీ దొరుకుతుందనేది నిజం. నేను భయపడేది టర్పిన్‌కి, ఆబ్రీకి. మిగతావాళ్లకి ఇంకా కాదు.

పాతకాపు_1995
నాకు ఒక్కడి మీద ఆశ, ఒక్కడి గురించి బెంగ. లైన్‌బ్యాకర్ డిమార్వియన్ ఓవర్‌షోన్. 2023 మూడో రౌండ్. మొదటి ప్రీసీజన్‌లోనే మోకాలు పోయింది. ఏడాది కూర్చుని వచ్చి అద్భుతంగా ఆడుతుంటే డిసెంబర్‌లో సిన్సినాటి మీద రెండో మోకాలు పోయింది. ఆ కుర్రాడు తిరిగి నడిచి మైదానంలోకి వస్తే నాకు అదే పెద్ద గెలుపు. ఈ ఏడాది తీసుకున్న షెవాన్ రెవెల్ కూడా కాలేజీలో మోకాలు పోయి జారినవాడే. బాగున్నప్పుడైతే మూడో రౌండ్ దాకా మిగిలేవాడు కాదు. వైద్యులు తొందరపెట్టకుండా ఉంటే చాలు.

ఇర్వింగ్_రాజేష్
ఓవర్‌షోన్ విషయంలో నేనూ మీతోనే. ఆ ఆట చూడలేక టీవీ ఆపేశాను.

సరే శ్రీనన్నా, నా మాట ఇది. ఈ కుర్రాళ్లలో సరుకు ఉందని ఒప్పుకుంటా. సరుకుని నిలబెట్టుకుంటారని మాత్రం నమ్మను. బ్లాండ్ కాంట్రాక్ట్ ఈ ఏడాదితో అయిపోతుంది, టోల్బర్ట్‌దీ అంతే. వాళ్లని డౌడుల్‌లా పంపించేస్తే నేను మళ్లీ ఇక్కడికొచ్చి ఇదే రాస్తా.

ఫ్రిస్కో_శ్రీను
రాయి, నేనూ నీ కింద సంతకం పెడతా. ఐదో రౌండ్‌లో బ్లాండ్‌ని పట్టుకోవడం అదృష్టం కాదు, కష్టపడి వెతికినవాళ్లున్నారు. విల్ మెక్లే ఏళ్ల తరబడి చేస్తున్న పని అదే. వాళ్లు వెతికి తెచ్చినదాన్ని పైవాళ్లు పోగొట్టుకోకూడదు. కానీ అది కాంట్రాక్టులు కుదిరే మార్చి గొడవ. ఇప్పుడు జూలై. నేను క్యాంప్ వార్తల్లో చూసేది బంతితో పరుగులు తీసే కొత్త కుర్రాళ్లు బ్లూ, మాఫా ఇద్దరిలో ఎవరు పాస్ బ్లాకింగ్ ముందు నేర్చుకుంటారా అని. డౌడుల్ చోటు ఖాళీగా ఉంది. జావంటే విలియమ్స్, మైల్స్ శాండర్స్ బయటినుంచి వచ్చారు. అయిదో రౌండ్ జేడన్ బ్లూకి వేగం ఉంది, ఏడో రౌండ్ ఫిల్ మాఫాకి బరువుంది. క్వార్టర్‌బ్యాక్ మీదికొచ్చేవాణ్ని ఆపలేకపోతే ఏ కోచూ మూడో డౌన్‌లో దింపడు.

లైన్‌మ్యాన్_లక్ష్మణ్
అది చాలా సరిగ్గా చెప్పారు. నా పందెం మాఫా మీద.

గార్లండ్_గోపి
నాది బ్లూ. టెక్సస్ యూనివర్సిటీ పిల్లాడు, సొంత రాష్ట్రం వాడిని వదలను.

ఈగల్స్_కిరణ్
మొదటి ఆట సెప్టెంబర్ 4, మా ఊళ్లోనే, మేం కప్పు జెండా ఎగరేసే రాత్రి. మీ కుర్రాళ్లందరికీ స్వాగతం 😄

ప్లేనో_పద్మజ
జెండా మీరు ఎగరేసుకోండి, ఫీల్డ్ గోల్స్ మేం కొట్టుకుంటాం.

హ్యూస్టన్_హరిత
మొదటి ప్రీసీజన్ ఆట ఎప్పుడు?

ఫ్రిస్కో_శ్రీను
ఆగస్టు 9 శనివారం, లాస్ ఏంజెలెస్‌లో రామ్స్ మీద. తర్వాత 16న బాల్టిమోర్, 22న అట్లాంటా. పెద్దవాళ్లు ఆడరు. మనం మాట్లాడుకున్నవాళ్లే ఆడతారు. ఆట నడుస్తున్నంతసేపూ ఇక్కడే ఉంటా, చూసింది చూసినట్టు రాస్తా.

బెంచ్‌మీద_భాస్కర్
స్పాన్-ఫోర్డ్‌ని నేను చూసి రాస్తాను. టైట్ ఎండ్ల (అడ్డుకోవడం, పాస్ పట్టడం రెండూ చేసేవాళ్లు) గురించి ఎవరూ మాట్లాడలేదు.

లైన్‌మ్యాన్_లక్ష్మణ్
గార్డులు నావి. ఎవరూ తీసుకోకండి.

తార్నాక_నైట్‌షిఫ్ట్
మాకు ఆదివారం తెల్లవారుజాము అవుతుంది, ఆఫీసు ఉండదు. కింది ఫ్లాట్ అంకుల్ అలారం పెట్టుకుంటానన్నారు. లిప్కీ, థామస్ ఇద్దర్నీ మాకు వదిలెయ్యండి.